అవును – కాదు – తెలియలేదు : కంప్యూటరు మనిషిని ధ్రువీకరించు విధానము

మానవులు గుంపులుగా నివసింప మొదలిడిన నాటి నుండి ప్రతి వాకిటను వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు. అది ‘ఎవరు మీరు?’ అనునది. కోట గుమ్మమున కావలివాడు అడిగినను, పల్లెలో అరుగుమీది పెద్దమనిషి అడిగినను ప్రశ్న అదియే. పూర్వము దీనికి జవాబు చెప్పుట సులభము. ‘ఫలానావారి మనుమడను’ అన్న చాలును. ఊరిలో ఎవరో ఒకరు ‘అవును, మేమెరుగుదుము’ అని గవాహీ పలికెడివారు. నేడు ఈ ప్రశ్నను తరచుగా అడుగునది మనిషి కాదు, యంత్రము. చౌకధరల దుకాణములో ఈ-పోస్ యంత్రము, బ్యాంకులో కంప్యూటరు, కళాశాల ప్రయోగశాలలో లాగిన్ తెర, అన్నియు మనలను ఇదే అడుగుచున్నవి. యంత్రమునకు మన ముఖము తెలియదు, మన తాతగారు తెలియరు. కనుక అది వేరొకరిని అడిగి తెలిసికొనవలెను. ఎవరిని అడుగును? ఎట్లు అడుగును? వచ్చిన జవాబును ఎట్లు గ్రహింపవలెను? ఈ మూడు విషయములను ఈ వ్యాసములో విద్యార్థులకు వివరింపదలచితిమి.

తెలుగు శాఖవారికి కంప్యూటరు శాస్త్రముతో పని యేమని కొందరు అనవచ్చును. ఈ రంగములో జరుగు పొరపాట్లలో పెక్కు మాటల అర్థము సరిగా గ్రహింపకపోవుటచేత జరుగునవే అని మా అభిప్రాయము. మాట యొక్క హద్దు తెలియనివాడు వ్రాసిన ప్రోగ్రాము హద్దు తెలియని తలారి వంటిది. అది రానివ్వవలసినవారిని ఆపును, ఆపవలసినవారిని రానిచ్చును.

1. మూడు మాటలు, మూడు అర్థములు

ముందుగా మూడు పదములను వేరుపరచుకొనవలెను. అవి గుర్తింపు, ధ్రువీకరణ, అధికారము. నిత్యవ్యవహారములో మనము వీటిని ఒకదాని స్థానములో మరొకటి వాడుచుందుము. ప్రోగ్రాము వ్రాయువారు అట్లు వాడరాదు.

గ్రంథాలయమునకు ఒక విద్యార్థి వచ్చి తన ప్రవేశసంఖ్య చెప్పెననుకొందము. అది గుర్తింపు. ‘నేను ఫలానా’ అను ప్రకటన మాత్రమే అది. ఆ సంఖ్యను ఎవరైనను చెప్పవచ్చును. గ్రంథపాలకుడు కార్డుమీది ఛాయాచిత్రమును ఆ విద్యార్థి ముఖముతో పోల్చి చూచినచో అది ధ్రువీకరణ. అనగా ప్రకటనకు రుజువు. అతనికి రెండు పుస్తకములు ఇవ్వవచ్చునా, నాలుగు ఇవ్వవచ్చునా, రిఫరెన్సు గ్రంథమును ఇంటికి పంపవచ్చునా అనునది అధికారము. మొదటిది పేరు చెప్పుట, రెండవది రుజువు చూపుట, మూడవది హక్కు తేల్చుట. మొదటిది జరిగినంత మాత్రమున రెండవది జరిగినట్లు కాదు. రెండవది జరిగినంత మాత్రమున మూడవది సిద్ధించినట్లు కాదు.

పేరొక్కటి రుజువు కాజాలదనుటకు మన ప్రాంతమే చక్కని ఉదాహరణము. మన ముస్లిములలో షేక్, సయ్యద్, మహమ్మద్ అనునవి చాలవరకు ఇంటిపేర్ల స్థానములో నిలిచినవి. కృష్ణా డెల్టాలోని కళాశాలల హాజరుపట్టీలలో షేక్ మస్తాన్‌లు, షేక్ కరీముల్లాలు ఒకరికి మించి కనబడుట వింత కాదు. పైగా ఆంగ్లలిపిలో వ్రాయునప్పుడు షేక్ అను ఒక్క మాటయే మూడు నాలుగు వర్ణక్రమములు ధరించును. పదవ తరగతి ధ్రువపత్రములో మహమ్మద్ అని పూర్తిగా ఉన్నవాడు రేషను కార్డులో ‘ఎండి’ అను పొడి అక్షరములుగా మిగులును. ఆడపిల్లల పేర్ల చివర ఒకచోట బేగం ఉండును, మరొకచోట ఉండదు. చూచిన మనిషికి వీరందరు ఒక్కరే. అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు వేర్వేరు వ్యక్తులు. విద్యార్థి వేతనపు దరఖాస్తు నింపిన ప్రతి విద్యార్థికి ఈ బాధ తెలియును. కావున యంత్రము పేరును గాక ఒక్కరికి ఒక్కటే యగు సంఖ్యను ఆశ్రయింపవలెను.

2. డైరెక్టరీ అనగానేమి?

టెలిఫోను శాఖవారు అచ్చువేయించి చందాదారులకు పంచిన లావుపాటి డైరెక్టరీలు మన పెద్దలకు గుర్తుండును. పేరు వెదకినచో సంఖ్య దొరకును. కంప్యూటర్ల డైరెక్టరీ కూడ ఈ ఊహ నుండియే పుట్టినది. ప్రపంచమున కంతటికిని ఒక పెద్ద నామసూచి ఉండవలెనను సంకల్పముతో 1988లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థలు ‘ఎక్స్.500’ అను ప్రమాణమును వెలువరించినవి. అది బహుభారమైనది; చిన్న కంప్యూటర్లు మోయలేనిది. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున టిమ్ హోస్ ప్రభృతులు దానిని తేలిక చేసి, ‘లైట్‌వెయిట్ డైరెక్టరీ యాక్సెస్ ప్రోటోకాల్’ అను సంభాషణ పద్ధతిని రూపొందించిరి. దాని తొలి ప్రమాణ పత్రము 1993లో, నేటికిని వాడుకలో నున్న మూడవ రూపము 1997లో వెలువడినవి. పేరులోని తొలి అక్షరములను కూర్చి దీనిని ఎల్‌డాప్ అందురు. విండోస్ 2000తో వచ్చిన ‘యాక్టివ్ డైరెక్టరీ’ గాని, ఉచితముగా లభించు ‘ఓపెన్‌ఎల్‌డాప్’ గాని ఈ భాషలోనే మాటలాడును.

డైరెక్టరీలో సమాచారము చెట్టువలె కొమ్మలు కొమ్మలుగా ఉండును. ప్రతి వ్యక్తికి వేరు నుండి ఆకు వరకు ఒక పూర్తి చిరునామా ఉండును. దానిని విశిష్ట నామము అనవచ్చును. ఉత్తరముమీద మనము వ్రాయు చిరునామావలె ఇదియు మనిషితో మొదలై, వీధి, ఊరు, జిల్లా అనునట్లు పైకి పోవును. ఉదాహరణకు: ‘సంఖ్య 23045, విద్యార్థులు, కళాశాల, ఇండియా’. ఇందులో ప్రతి మెట్టును చెట్టులో ఒక కొమ్మ.

ఇచ్చట విద్యార్థులు ఒక సూక్ష్మమును గమనింపవలెను. చిరునామా మారవచ్చును, మనిషి మారడు. 2022 ఏప్రిల్ 4వ తేదీన మన రాష్ట్రమున జిల్లాల పునర్విభజన జరిగినది. అంతవరకు కృష్ణా జిల్లాలో నున్న విజయవాడ ఆనాటి నుండి ఎన్.టి.ఆర్. జిల్లాకు ముఖ్యపట్టణమైనది. మచిలీపట్నము కృష్ణా జిల్లాకు కేంద్రముగా నిలిచినది. ముందురోజు రాత్రి నిద్రించిన విజయవాడ పౌరుడు ఇల్లు కదలకయే వేరొక జిల్లావాడై మేల్కొన్నాడు. అతని చిరునామానే అతని గుర్తుగా దాచుకొన్న ప్రోగ్రాము అతనిని మరునాడు క్రొత్త మనిషి యని భ్రమించును. అందుచేతనే డైరెక్టరీ ప్రతి నమోదునకు ఎన్నడును మారని సంఖ్యను ఒకదానిని విడిగా కేటాయించును. ప్రోగ్రాము దాచుకొనవలసినది ఆ సంఖ్యనే గాని చిరునామాను కాదు.

3. రావీల గ్రంథములు

ఇస్లామీయ విద్యాచరిత్రతో పరిచయమున్నవారికి ఈ పద్ధతి పూర్తిగా క్రొత్త కాదు. హదీసు శాస్త్రములో ప్రతి వాక్యమునకు ముందు ఇస్నాద్, అనగా ఎవరి నుండి ఎవరు వినిరో తెలుపు గొలుసు, ఉండును. గొలుసులోని ప్రతి రావీ, అనగా ఉల్లేఖకుడు, నమ్మదగినవాడా కాదా అని తేల్చుటకు పండితులు ‘అస్మా ఉర్ రిజాల్’ అను ప్రత్యేక శాస్త్రమును పెంపొందించిరి. ఇమాం బుఖారీ (810–870) రచించిన ‘అత్తారీఖుల్ కబీర్’, ఇబ్నె హజర్ అస్ఖలానీ (1372–1449) రచించిన ‘తహ్జీబుత్ తహ్జీబ్’ ఈ కోవకు చెందిన గ్రంథములు. వేలకొలది వ్యక్తుల పేర్లు, గురువులు, శిష్యులు, వారి విశ్వసనీయత అందు నమోదు కాబడినవి. ఒకే పేరుగల ఇద్దరు రావీలను వేరుపరచుట కొరకే ఆ పండితులు ఎంతో శ్రమించిరి.

మన విషయమునకు మిక్కిలి ఉపకరించు అంశమొకటి అందు కలదు. ఆ పండితులు రావీలను మంచివారు, చెడ్డవారు అని రెండు గుంపులుగా చేసి ఊరకొనలేదు. నమ్మదగినవాడు సిఖా, అసత్యవాది కజ్జాబ్. ఎవరో తేలనివాడు మజ్హూల్. మజ్హూల్ యొక్క మాటను పండితులు సాధారణముగా వెంటనే స్వీకరింపరు. అట్లని అతనిని అసత్యవాదియనియు అనరు. ‘తెలియలేదు’ అను జవాబునకు వారు ప్రత్యేకముగా ఒక స్థానము, ఒక పేరు ఏర్పరచిరి. ఈ వ్యాసమునకు ప్రాణమైన విషయము ఇదియే.

4. ప్రోగ్రాము అడుగవలసిన విధానము

కళాశాలలో రుసుముల కొరకు ఒక ప్రోగ్రాము, గ్రంథాలయమునకు ఒకటి, పరీక్షల శాఖకు ఒకటి ఉన్నవనుకొందము. ప్రతి ప్రోగ్రామును తనకు తానే పాస్‌వర్డుల పట్టిక పెట్టుకొనుట ప్రమాదకరము. దీనికి పూర్వోదాహరణము కలదు. 1960ల దశకమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పలువురు కలిసి వాడుకొను కంప్యూటరు ఉండెడిది. ఒకనాడు రెండు తాత్కాలిక ఫైళ్లు తారుమారు కాగా, ఆనాటి స్వాగత సందేశమునకు బదులు అందరి పాస్‌వర్డుల పట్టిక ప్రతివారి యెదుట ప్రత్యక్షమైనది. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచరాదని, తిరిగి విప్పుటకు వీలుకాని రూపమునకు మార్చి దాచవలెనని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 1979లో ఒక ప్రసిద్ధ వ్యాసములో విపులముగా చర్చించిరి.

కావున ప్రోగ్రాము చేయవలసినది తాను దాచుట కాదు, డైరెక్టరీని అడుగుట. మన డెల్టా కాలువలమీద పనిచేయు లస్కరును తలచుకొనుడు. అతడు తూము తలుపు ఎత్తును, దించును. నీటి వాటాను నిర్ణయించునది అతడు కాదు. పైనుండి వచ్చిన ఆజ్ఞను అమలుపరచుట మాత్రమే అతని పని. ప్రోగ్రాము కూడ లస్కరు వంటిదే. అది అడుగు క్రమమును ఈ విధముగా మెట్లు మెట్లుగా చెప్పవచ్చును.

మొదటి మెట్టు: సర్వరుతో మాటలాడుటకు ముందు దారిని భద్రపరచవలెను. ఎల్‌డాప్ సాధారణముగా 389వ సంఖ్య గల ద్వారమున మాటలాడును. ఆ దారిన పోవు మాటలు మామూలుగా బహిరంగములు. పోస్టుకార్డుమీద రహస్యము వ్రాసినట్లే. కనుక ఆ సంభాషణను టీఎల్‌ఎస్ అను రహస్య కవచములో చుట్టవలెను, లేదా అట్టి కవచముతోనే తెరచుకొను 636వ ద్వారమును వాడవలెను. ఎదుట నున్నది మన సర్వరేనని దాని ధ్రువపత్రమును సరిచూచుట కూడ ఇందులో భాగమే. మనలను రుజువు అడుగువారిని మనము కూడ రుజువు అడుగవలెను కదా!

రెండవ మెట్టు: ప్రోగ్రాము తనకు ప్రత్యేకించిన ఖాతాతో సర్వరులో ప్రవేశింపవలెను. ఆ ఖాతాకు వెదకుట తప్ప మార్చు అధికారము ఉండరాదు.

మూడవ మెట్టు: విద్యార్థి చెప్పిన సంఖ్య ఏ నమోదునకు చెందినదో వెదకవలెను. నక్షత్రపు గుర్తు, కుండలీకరణములు, వెనుకకు వాలిన గీత వంటి చిహ్నములకు ఎల్‌డాప్ వెదకులాటలో ప్రత్యేకార్థములు కలవు. దుర్బుద్ధి గలవాడు సంఖ్యకు బదులు నక్షత్రమును కొట్టి ‘ఎవరైనను సరే’ అను అర్థమును తెప్పింపగలడు. అందుచేత ఆ చిహ్నములను ముందుగా నిర్వీర్యము చేసి పంపవలెను. ఫలితముగా ఒక్క నమోదు మాత్రమే రావలెను. ఇద్దరు వచ్చినచో మొదటివానిని ఎంచుకొనరాదు, ఆగిపోవలెను. షేక్ మస్తాన్‌లు ఇద్దరున్నప్పుడు జాబితాలో ముందున్నవానికి విద్యార్థి వేతనము ఇచ్చుట న్యాయమా?

నాలుగవ మెట్టు: దొరకిన విశిష్ట నామమును, విద్యార్థి ఇచ్చిన పాస్‌వర్డును జతచేసి సర్వరుకు సమర్పింపవలెను. దీనిని బైండ్ అందురు. సర్వరు తన వద్ద నున్న రూపముతో పోల్చి జవాబిచ్చును. దాచిన పాస్‌వర్డును ప్రోగ్రాము తెప్పించుకొని తానే పోల్చరాదు.

ఐదవ మెట్టు: జవాబు వచ్చిన వెంటనే పాస్‌వర్డును మరచిపోవలెను. దినచర్య పట్టికలో గాని, పొరపాట్ల చిట్టాలో గాని అది వ్రాయబడరాదు. పాస్‌వర్డు అమానత్ వంటిది. ఒకరు చేర్చుమని ఇచ్చిన దానిని చేర్చవలెనే గాని దాచుకొనరాదు.

ఆరవ మెట్టు: ధ్రువీకరణ ముగిసిన తరువాత ఆ వ్యక్తి ఏ సమూహములలో సభ్యుడో చూచి అధికారమును తేల్చవలెను.

5. ‘అవును’ కాని ‘అవును’

బైండ్ చేసినప్పుడు సర్వరు ఒక సంఖ్యను జవాబుగా ఇచ్చును. 0 అన్నచో జయము. 49 అన్నచో పేరు గాని పాస్‌వర్డు గాని సరికాదని అర్థము. 51 అన్నచో సర్వరు తీరికలేకున్నది. 52 అన్నచో అందుబాటులో లేదు. క్రొత్తగా ప్రోగ్రాములు వ్రాయువారు చాలమంది 0 అయినచో లోనికి, మరేదైనను అయినచో బయటకు అని రెండే దారులు పెట్టుదురు. ఇందులో రెండు వైపుల ప్రమాదము కలదు.

మొదటి ప్రమాదము 0 వద్దనే ఉన్నది. ఎల్‌డాప్ ప్రమాణములో అజ్ఞాతముగా వచ్చి బహిరంగ సమాచారమును చూచిపోవుటకు అనుమతి కలదు. విశిష్ట నామము వ్రాసి, పాస్‌వర్డు స్థానమును ఖాళీగా విడిచినను కొన్ని సర్వరులు దానిని అట్టి అజ్ఞాత ప్రవేశముగానే గ్రహించి 0 అని జవాబిచ్చును. సర్వరు భావము: ‘ఎవరో వచ్చినారు, వాకిట నిలువనిచ్చితిమి.’ ప్రోగ్రాము గ్రహించు భావము: ‘ఇతడు ఫలానావాడే.’ ఈ అర్థభేదముచేత, ప్రిన్సిపాలుగారి సంఖ్య తెలిసిన ఏ ఆకతాయి అయినను పాస్‌వర్డు లేకుండ ప్రిన్సిపాలుగా ప్రవేశింపవచ్చును. 2006లో వెలువడిన ప్రమాణ పత్రము ఈ ప్రమాదమును పేర్కొని, సర్వరులు ఇట్టి కోరికను సహజముగా త్రోసిపుచ్చవలెనని, దానికి 53 అను సంఖ్యను వాడవలెనని చెప్పినది. ప్రోగ్రాములు కూడ ఖాళీ పాస్‌వర్డును సర్వరు వరకు పోనీయరాదని అది సూచించినది. ఒక్క పంక్తి పరీక్షతో తీరు విషయమిది. ఆ ఒక్క పంక్తి లేకున్నచో తక్కిన కట్టుదిట్టమంతయు వృథా.

6. ‘కాదు’, ‘తెలియలేదు’

రెండవ ప్రమాదము ఇంతకంటె దారుణమైనది. ఏలయనగా మొదటిదానివలన సంస్థకు నష్టము, రెండవదానివలన బీదవానికి నష్టము. 49 అనగా ‘కాదు’. 51, 52 అనగా ‘తెలియలేదు’. తీగ తెగి అసలు జవాబే రాకపోయినను అది ‘తెలియలేదు’ మాత్రమే. ఈ రెంటిని ఒకే గంపలో వేసి ‘పాస్‌వర్డు తప్పు’ అని తెరమీద చూపు ప్రోగ్రాము అసత్యము పలుకుచున్నది. అది విన్న విద్యార్థి మంచి పాస్‌వర్డునే పదిసార్లు కొట్టి, తుదకు తన ఖాతాకు తాళము పడునట్లు చేసికొనును.

కంప్యూటరు ప్రయోగశాలలో ఇది చిరాకు మాత్రమే. చౌకధరల దుకాణము వద్ద ఇది అన్నపు ప్రశ్న. దేశ నివాసుల గుర్తింపు కొరకు 2009లో ఏర్పడిన సంస్థ మొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామమున ఇచ్చినది. 2016లో ఆధార్ చట్టము వచ్చినది. మన రాష్ట్రమున 2015 నుండి రేషను దుకాణములలో ఈ-పోస్ యంత్రములు ప్రవేశపెట్టబడినవి. కార్డుదారు వేలు పెట్టగానే ఆ ముద్ర కేంద్ర భాండాగారమునకు పోయి పోల్చబడి, ‘అవును’ లేక ‘కాదు’ అను జవాబు తిరిగి వచ్చును. ఈ వ్యవస్థ ఎల్‌డాప్ భాషలో మాటలాడదు; అయినను సూత్రము ఒక్కటే. దుకాణములోని యంత్రము లస్కరు, దూరమున నున్నది డైరెక్టరీ. దొంగ కార్డులను అరికట్టుటకు ఇది బలమైన సాధనమని ఒప్పుకొనక తప్పదు.

కాని దివిసీమలోనో గుడివాడ ప్రాంతములోనో నలువది ఏండ్లు వరినాట్లు వేసిన ముసలమ్మ వేలిగీతలు అరిగిపోయి యుండును. బురద, నీరు, కొడవలి పిడి ఆమె ముద్రలను చెరిపివేసినవి. ముద్ర సరిపోలనప్పుడు ఆధార్ వ్యవస్థ 300 అను సంఖ్యను ఇచ్చును. ఆ వ్యక్తి ముద్రల సమాచారమే భాండాగారములో లేనప్పుడు 811 అను సంఖ్యను ఇచ్చును. యంత్రము భేదమును ఎరుగును. వాకిట నిలిచిన మనిషికి చేరునప్పటికి మాత్రము రెండును ‘పడలేదమ్మా, రేపు రండి’ అను ఒక్క మాటగా మారును. ఇంతకును ‘ముద్ర సరిపోలలేదు’ అనుటకు ‘ఆమె ఆమె కాదు’ అని అర్థము కాదు. ఆమె మజ్హూల్ మాత్రమే, కజ్జాబ్ కాదు.

తీగలు, స్తంభములు, విద్యుత్తు కూడ ఈ గొలుసులోని రావీలే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలు రోజుల తరబడి నీటిలో మునిగినవి. విద్యుత్తు నిలిచి, సెల్‌ఫోన్లు మూగవోయిన చోట ఏ యంత్రము ఏ సర్వరును అడుగగలదు? అట్టి సమయమున ‘ధ్రువీకరణ కాలేదు’ గనుక అన్నము లేదనుట ఎంత అమానుషమో వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేతనే మంచి వ్యవస్థలో రెండవ దారి ఉండవలెను. వేలిముద్ర పడనివారికి కనుపాప పరీక్ష, అదియు కానివారికి గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణతో సరకులిచ్చు ఏర్పాటు మన రాష్ట్రమున చేయబడినవి. ఇది యంత్రమునకు ఓటమి కాదు. ‘మేమెరుగుదుము’ అని పూర్వము పలికిన అరుగుమీది పెద్దమనిషికి వ్యవస్థలో మరల చోటిచ్చుట. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఆధార్‌పై ఇచ్చిన తీర్పు సందర్భములో సైతము ధ్రువీకరణ వైఫల్యముచేత అర్హులు ప్రయోజనములకు దూరము కారాదను విషయము ముఖ్యముగా చర్చకు వచ్చినది.

అట్లైనచో ‘తెలియలేదు’ అన్నప్పుడెల్ల లోనికి రానీయవలెనా అని ప్రశ్న రావచ్చును. ఆ విధముగా ఒకే సూత్రమును చెప్పరాదు. తలుపు మూసినందువలన ఎవరికి ఎంత హాని, తెరచినందువలన ఎవరికి ఎంత హాని అని తూచి చూడవలెను. పరీక్ష ప్రశ్నపత్రము దాచిన ఫైలు విషయమున తెలియనంతవరకు మూసియుంచుటయే మేలు. ఆలస్యమునకు మించిన నష్టము లేదు. నెల బియ్యము విషయమున వేరొక సాక్ష్యము తీసికొని, సంతకము వ్రాయించుకొని, ఇచ్చివేయుటయే మేలు. పస్తు తరువాత తీర్చగల నష్టము కాదు. ప్రోగ్రాము వ్రాయువాడు చేయవలసినదెల్ల ఈ తూకమును మనుష్యులు వేయుటకు వీలుగా మూడు జవాబులను మూడుగా ఉంచుట. రెంటిని కలిపివేసినవాడు ఆ తూకమును తెలియకుండగనే తానే వేసివేసినవాడగును.

7. మన కళాశాలకు కొన్ని సూచనలు

విద్యార్థులకు చెప్పినది కార్యవర్గము వారికి కూడ విన్నవింపదలచితిమి. మన వంటి చిన్న కళాశాలకు డైరెక్టరీ సర్వరు మించిన పని కాదు. ఓపెన్‌ఎల్‌డాప్ వంటి ఉచిత సాధనములతో సామాన్యమైన కంప్యూటరుమీదనే దానిని నడుపవచ్చును. కావలసినది ధనముకంటె క్రమశిక్షణ.

విద్యార్థి చేరిననాడే ప్రవేశసంఖ్యతో ఒక నమోదు ఏర్పడవలెను. బదిలీ పత్రము ఇచ్చిననాడే అది మూయబడవలెను. ఉద్యోగమును విడిచిపోయిన వారి ఖాతాలు తెరచియుండుట తాళపుచెవిని వీధిలో విడుచుట వంటిది. గ్రంథాలయము, రుసుములు, ప్రయోగశాల అన్నియు ఆ ఒక్క సర్వరునే అడుగవలెను. ఒక్క పాస్‌వర్డును పదిమంది పంచుకొను అలవాటును మాన్పింపవలెను. పదిమంది వాడిన పేరుతో జరిగిన పనికి బాధ్యుడెవరో తేల్చుట అసాధ్యము.

ఇట్టి ఏర్పాటువలన విద్యాలాభము కూడ కలదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపు ‘ఇన్‌ఫెడ్’ అను సమాఖ్యలో సభ్యసంస్థ విద్యార్థి తన సంస్థ సర్వరు వద్దనే ధ్రువీకరణ పొంది, దూరదేశపు పరిశోధన పత్రికలను చదువుకొనగలడు. అతని పాస్‌వర్డు ప్రచురణకర్తలకు చేరదు. ‘ఇతడు మా విద్యార్థియే’ అను సంస్థ గవాహీ మాత్రమే చేరును. ఒక సంస్థ మాటను మరియొక సంస్థ నమ్ముట, ఆ నమ్మకమును గొలుసుగా అల్లుకొనుట, ఇస్నాద్ సంప్రదాయమునకు నేటి రూపమని చెప్పుట అతిశయోక్తి కాదు.

తుదకు, అన్నింటికంటె ముఖ్యముగా, మూడవ జవాబునకు కళాశాల నియమములలో చోటుండవలెను. హాజరు యంత్రము వేలిముద్రను గుర్తింపనినాడు, సర్వరు పలుకనినాడు, తరగతి అధ్యాపకుని సంతకము చెల్లునని వ్రాతపూర్వకముగా ఉండవలెను. ఎన్ని పర్యాయములు అట్లు జరిగినదో నమోదు చేసి నెలకొకసారి పరిశీలింపవలెను. ఆ పట్టిక ఎచ్చట పొడవుగా ఉన్నదో అచ్చట యంత్రమునకు మరమ్మతు అవసరమని గ్రహింపవలెను; విద్యార్థి అబద్ధమాడుచున్నాడని కాదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుండి ఇట్టి ప్రోగ్రాములు వ్రాయబోవుచున్నారు. మీరు వ్రాయు ఒక్క పంక్తి అవనిగడ్డలోనో నూజివీడులోనో ఒక వాకిట ఒక మనిషిని నిలువబెట్టి ‘ఎవరు మీరు?’ అని అడుగును. ‘అవును’ అనుటకు ముందు రుజువు అడుగుడు. ‘కాదు’ అనుటకు ముందు కూడ రుజువు అడుగుడు. రెండును దొరకనప్పుడు ‘తెలియలేదు’ అని నిజము చెప్పి, మరియొక మనిషి వద్దకు దారి చూపుడు. మీరు నేర్చు శాస్త్రమునకు అంతకు మించిన శోభ లేదు.